బీచ్ రోడ్డు టాయిలెట్లు: మూడు సాయంత్రాలు తిరిగి రాసిన రివ్యూ

మా అత్తయ్య సముద్రం చూస్తానని అడిగింది, సరే అని అందరం బయల్దేరాం, కారెక్కాక మా ఆవిడ నీళ్ళ సీసా ఇస్తే వద్దంది. "దాహం లేదులేమ్మా" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆవిడకి 68 ఏళ్ళు, షుగరుంది, మోకాళ్ళు అరిగాయి, అలాంటి మనిషికి ఎండలో దాహం వెయ్యకపోవడమేంటో నాకప్పుడు తట్టలేదు. బీచ్‌లో ముప్పావుగంట కూడా కూర్చోకుండానే "ఇంక వెళ్దామా బాబూ, చూశాంగా" అంది. చీకటి కూడా పడలేదు, పిల్లలు అప్పుడే ఇసకలో గొయ్యి తవ్వడం మొదలెట్టారు. ఇంటికొచ్చి నేను గేటు పూర్తిగా తీసేలోపే ఆవిడ ఆ మోకాళ్ళతోనే లోపలికి పరిగెత్తినంత పని చేసింది, అప్పుడు గానీ నా బుర్రకి ఎక్కలేదు. పొద్దున్నుంచీ నీళ్ళు మానేసి, ఎంతసేపు ఆగగలదో లెక్కేసుకుని వచ్చింది, ఆ లెక్క దాటకముందే వెనక్కి తీసుకెళ్ళమంది.

మా ఆవిడని అడిగితే ఇందులో వింతేముందన్నట్టు చూసింది. "నేనూ తాగలేదండీ, బయటికెళ్ళేటప్పుడు ఎప్పుడు తాగాను గనక" అంది. పెళ్ళయి 14 ఏళ్ళు, నాకీ విషయం తెలీదు. మగాళ్ళకి తెలీదు లెండి, మనకి గోడ కనిపిస్తే చాలు కదా. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ నిజం.

సరే, ఈ బీచ్ రోడ్డు మొత్తం మీద అసలు ఎన్ని టాయిలెట్లున్నాయి, అందులో మా అత్తయ్య వాడగలిగేవి ఎన్ని అని చూద్దామని మూడు సాయంత్రాలు, ఒక పొద్దున నడిచాం. ఆరు దొరికాయి. మగవాళ్ళ వైపు నేను చూశా, ఆడవాళ్ళ వైపు మా ఆవిడ చూసి చెప్తే టైప్ చేశా. ఊరి పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే మా ఊరు మీ ఊరు అని గొడవ మొదలై టాయిలెట్ సంగతి గాలికి పోతుంది. అసలు మొదటి టాయిలెట్ గోడ మీదే ఫీడ్‌బ్యాక్ ఇవ్వండని క్యూఆర్ కోడ్ ఉంది, ఎండకి వెలిసిపోయి సగం చతురస్రాలు ఎగిరిపోయాయి, నాలుగు యాంగిల్స్‌లో ట్రై చేసినా స్కాన్ అవ్వలేదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నా.

ఇంకో మాట, నేను స్టీల్ ఫ్యాబ్రికేషన్ పనిచేస్తా, గేట్లు గ్రిల్స్ రెయిలింగులు, కాబట్టి తలుపులూ గొళ్ళేల గురించి ఎక్కువ మాట్లాడతా, భరించండి.

మొదటిది పార్కింగ్ పక్కన ఉన్నది, అన్నిటికన్నా కొత్తది. బయట గ్లాసు టైల్స్, నీలం లైట్లు, గోడ మీద డాల్ఫిన్ బొమ్మ. ఫోటోకి చాలా బాగా వస్తుంది, బహుశా ఫోటో కోసమే కట్టారేమో. లోపల అంతా సెన్సరే. సెన్సర్ ట్యాప్ కింద చేతులు పెట్టి కదిలిస్తూ నిలబడ్డాం, నేనూ ఇంకో ఇద్దరు పెద్దమనుషులూ, దూరంనుంచి చూస్తే ముగ్గురం బేసిన్లకి దణ్ణం పెడుతున్నట్టుంది. నీళ్ళు రాలేదు. ఆ ట్యాపుల్లో ఎక్కువ రకం బ్యాటరీ మీద నడుస్తాయి, బ్యాటరీ అయిపోతే ట్యాపు చచ్చినట్టే, చేత్తో తిప్పుకోడానికి పిడి ఉండదు. యూరినల్ ఫ్లషూ అంతే. అంటే ఒక్క సెల్ మార్చలేదని మొత్తం బ్లాకు కంపు కొడుతోందన్నమాట. మామూలు ట్యాప్ పెట్టి ఉంటే వాషరు పోయి కారుతూనైనా నీళ్ళిచ్చేది.

ఇక స్టీల్ దగ్గరికొద్దాం. తలుపు హ్యాండిళ్ళు, పట్టుకునే రాడ్లు, అద్దం ఫ్రేములు అన్నీ ఎస్‌ఎస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీల్, అన్నిటి మీదా గోధుమరంగు మరకలు. మా లైన్లో వీటిని టీ మరకలంటారు, టీ ఒలికి ఆరిపోయినట్టే ఉంటాయి. స్టెయిన్‌లెస్ అని పేరుంది గదా తుప్పెందుకు పడుతుందని నా దగ్గరకొచ్చే కస్టమర్లు కూడా అడుగుతారు. స్టీల్ పైన కంటికి కనపడనంత పల్చటి క్రోమియం పొర ఉంటుంది, దాన్ని కాపాడేది ఆ పొరే. సముద్రం గాలిలో ఉప్పు వచ్చి మీద కూర్చుని, అందులోని క్లోరైడు ఆ పొరని చిన్న చిన్న చుక్కలుగా తినేస్తుంది. ఇంట్లో వంటగదికి వాడే 304 గ్రేడు సముద్రం ఒడ్డున నిలబడదు, ఇక్కడ 316 వెయ్యాలి, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, అదే తేడా. రేటు ఎక్కువని 304 వేసేస్తారు, ప్రారంభోత్సవం రోజు రెండూ ఒకేలా మెరుస్తాయి మరి, ఎవడు కనిపెడతాడు.

తమాషా ఏంటంటే బయట వానకి తడిసే రెయిలింగు నయంగా ఉంది, చూరు కింద వాన తగలని హ్యాండిళ్ళు పాడైపోయాయి. వాన ఉప్పుని కడిగేస్తుంది, చూరు కిందది కడిగేవాళ్ళు లేరు. వారానికోసారి మంచినీళ్ళతో తుడిస్తే చాలు, అదే పెద్ద మెయింటెనెన్సు. దాని బదులు ఏం చేస్తున్నారంటే మరకలు పోవాలని యాసిడ్ పోసి రుద్దుతున్నారు, బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్, అందులోనూ క్లోరైడే, సముద్రం పదేళ్ళలో చేసే పని అది ఒక్క పూటలో చేస్తుంది. పైగా ఆ యాసిడూ బ్లీచింగూ ఒకే బకెట్లో కలిపేస్తే క్లోరిన్ గ్యాసొస్తుంది, ఊపిరితిత్తులు పోతాయి, చిన్న గదిలో మరీ ప్రమాదం. క్లీనింగ్ చేసే కుర్రాడికి రెండు డబ్బాలూ ఇచ్చారు గానీ కలపొద్దని ఎవరూ చెప్పలేదట, "ఘాటొస్తే కాసేపు బయటికెళ్ళి దగ్గి వస్తా సార్" అన్నాడు. నేను చెప్పా, విన్నాడు, తర్వాతేం చేశాడో తెలీదు. ఈ బ్లాకుకి 1.5 స్టార్. ఆ అర డాల్ఫిన్‌కి.

రెండోదాని అడ్రసు ఎవరినీ అడగక్కర్లేదు, ముక్కు తీసుకెళ్తుంది. దీనికి మూడువైపులా బెంచీలు, అన్నీ ఖాళీ, సాయంత్రం కూర్చోడానికి చోటు లేక జనం పిట్టగోడ ఎక్కి కూర్చుంటుంటే ఇవి మాత్రం ఖాళీ, ఎందుకో అక్కడ రెండు నిమిషాలు నిలబడితే చాలు. గాలి పగలంతా సముద్రం మీంచి ఒడ్డుకి వీస్తుంది కదా, వెంటిలేటర్లన్నీ సముద్రం వైపు గోడకే పెట్టారు, రోడ్డు వైపు తలుపు పెట్టారు. ఇంకేముంది, గాలి వెంటిలేటర్లోంచి దూరి లోపలున్నదంతా ఊడ్చుకుని తలుపులోంచి ఫుట్‌పాత్ మీదకి, బెంచీల మీదకి తెచ్చి పోస్తోంది. రాత్రికి గాలి తిరగబడి నేల మీంచి సముద్రంలోకి పోతుంది, అప్పుడు ఇసకలో కూర్చున్నవాళ్ళ వంతు. కట్టినవాళ్ళు ఒక్కసారి అక్కడ నిలబడి చొక్కా ఎటు ఎగురుతుందో చూసుకున్నా సరిపోయేది, పైకప్పులోంచి ఒక గొట్టం పైకి లేపేవాళ్ళు.

అసలు కంపు సంగతేంటంటే, అప్పుడే పోసిన మూత్రానికి పెద్ద వాసనుండదు. అది నేల మీద నిలబడిపోతే బ్యాక్టీరియా అందులో యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది, కళ్ళు మండేది దానికి. పసుపుపచ్చగా గట్టు కట్టి పైపుల్లో పేరుకుంటే ఆ తర్వాత ఎంత ఫినాయిల్ పోసినా ఫినాయిల్ వాసనా కంపూ రెండూ విడివిడిగా వస్తాయి తప్ప కంపు పోదు. ఇంకోటి నహానీ ట్రాప్, అంటే నేల మీది నీళ్ళు పోయే కంత కింద ఉండే వంపు గొట్టం. దాని వంపులో ఎప్పుడూ నాలుగు వేళ్ళ మందాన నీళ్ళు నిలబడి ఉండాలి, కింద డ్రైనేజీ గ్యాసు పైకి రాకుండా ఆపేది ఆ కాసిని నీళ్ళే. నీళ్ళు పొయ్యకుండా వదిలేస్తే ఎండిపోతుంది. ఇక్కడైతే ఎండిపోవడం కాదు, ట్రాపు నిండా ఇసక. జనం తడికాళ్ళతో ఇసక మోసుకొస్తారు, బయట కాళ్ళు కడుక్కునే షవరు ఉంది గానీ దాని గుబ్బ ఎవరో పీక్కుపోయారు. కాబట్టి ఇసకంతా లోపలికి, ట్రాపులోకి, నీళ్ళు వెనక్కి, చీలమండ దాకా. నేను ప్యాంటు మడిచి గుమ్మంలోనే ఆగిపోయా. 0 ఇచ్చే ఆప్షన్ ఉంటే బాగుండు, కనీసం 1 పెట్టాలంటోంది.

మూడోది మీద మా ఆవిడ కోపం ఇప్పటికీ చల్లారలేదు కాబట్టి ఇది కాస్త పొడుగు.

బయటినుంచి చూస్తే అన్యాయమేం కనపడదు. సగం మగవాళ్ళకి, సగం ఆడవాళ్ళకి, గోడ సరిగ్గా మధ్యలో. కానీ మగవాళ్ళ సగంలో ఐదు యూరినళ్ళూ రెండు గదులూ పట్టాయి, ఆడవాళ్ళ సగంలో మూడు గదులే పట్టాయి. అంటే ఒకేసారి అటు ఏడుగురు, ఇటు ముగ్గురు. అందులో ఒకదానికి తాళం, ఒకదానికి గొళ్ళెం లేదు. పైగా ఆడవాళ్ళకి సహజంగానే ఎక్కువ టైము పడుతుంది, బట్టలున్నాయి, పిల్లలు వాళ్ళతోనే వెళ్తారు, ముసలివాళ్ళని వాళ్ళే పట్టుకెళ్తారు, పీరియడ్స్ ఉంటాయి. చోటు సమానం అయితే క్యూ సమానం అవ్వదు, ఇది లెక్కలు రాని వాడికి కూడా ఆ లైను చూస్తే తెలుస్తుంది. ఆదివారం సాయంత్రం అటు లైను పిట్టగోడ దాకా వచ్చింది, ఇటు నేను నడుస్తూ వెళ్ళి నడుస్తూ వచ్చేశా. లైన్లో వెనకున్న ఒకాయన భార్య కోసం ఎదురుచూస్తూ "వీళ్ళు లోపలికెళ్ళి ఏం చేస్తారో" అని నవ్వాడు. లోపలికెళ్ళి ఏం చేస్తారో మా ఆవిడ చెప్పింది, రాస్తున్నా.

ఒక చేత్తో తలుపు లాగి పట్టుకోవాలి, ఎందుకంటే గొళ్ళెం లేదు, నాలుగు స్క్రూ కన్నాలున్నాయంతే. రెండో చేత్తో ఫోన్ పట్టుకోవాలి, ఎందుకంటే లైటు లేదు. హ్యాండ్‌బ్యాగు పళ్ళతో పట్టుకోవాలి, ఎందుకంటే కొక్కెం లేదు, కింద పెడదామంటే నేలంతా తడి. చీర కుచ్చిళ్ళు తడవకుండా చూసుకోడానికి మూడో చెయ్యి కావాలి. ప్యాడ్ మార్చుకోవాల్సొస్తే పాతది వెయ్యడానికి డబ్బా లేదు, చుట్టి బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి, లేకపోతే అందరిలాగే కిటికీ గట్టు మీద వదిలేసి రావాలి, వదిలేశారు కూడా, గట్టు మీద కుప్ప ఉంది. అందుకే ఆడవాళ్ళు ఇద్దరిద్దరు వెళ్తారు. ఒకళ్ళు లోపల, ఒకళ్ళు బయట తలుపుకి కాపలా. ఎవరూ లేకుండా ఒక్కతే వచ్చిన అమ్మాయి లైన్లో వెనకున్న మా ఆవిడని "ఆంటీ కొంచెం తలుపు చూస్తారా" అని అడిగిందట, ముక్కూ మొహం తెలీని మనిషిని నమ్ముకుని లోపలికెళ్ళింది.

ఒక గొళ్ళెం, ఒక కొక్కెం, ఒక మూతున్న డబ్బా, ఒక బల్బు. నా షాపులో ఈ నాలుగూ అరగంట పని.

టోక్యోలో షిబుయా అనే చోట 2020 నుంచి మొదలెట్టి 17 పబ్లిక్ టాయిలెట్లు పేరున్న ఆర్కిటెక్టులతో కట్టించారు, అందులో షిగెరు బాన్ కట్టినవి రంగు అద్దాల గదులు, ఎవరూ లేనప్పుడు బయటినుంచే లోపలంతా కనపడుతుంది, శుభ్రంగా ఉందో లేదో, ఎవరైనా దాక్కున్నారో లేదో చూసుకుని వెళ్ళొచ్చు, లోపలికెళ్ళి గడియ వెయ్యగానే అద్దం మసకైపోతుంది. దాని వీడియో చూపించి ఎలా ఉందని అడిగితే మా ఆవిడ అద్దం సంగతి పట్టించుకోలేదు, "గడియ పడుతోంది చూశారా" అంది. దీనికి మా ఇద్దరి తరఫునా 1 స్టార్, ఆవిడ అదీ వద్దంది.

నాలుగోది వికలాంగులకి ప్రత్యేకంగా కట్టినది, వీల్‌చెయిర్ బొమ్మ పెద్దగా ఉంది. తాళం వేసుంది. పక్క గార్డుని అడిగితే తాళం చెవి తెచ్చి తీశాడు, మంచివాడే. లోపల నాలుగు విరిగిన కుర్చీలు, చీపుర్లు, సున్నం డబ్బాలు, చుట్టి పెట్టిన ఫ్లెక్సీ. ఫ్లెక్సీ విప్పి చూస్తే ప్రపంచ టాయిలెట్ దినోత్సవం అని ఉంది. నవంబరు 19, ఐక్యరాజ్యసమితి 2013లో గుర్తించిన రోజు, ఆ రోజు ఇక్కడే ఫోటోలు దిగి ఉంటారు, దిగి ఫ్లెక్సీని టాయిలెట్లోనే పెట్టి తాళమేశారు. నేనూ గార్డూ మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నాం, ఏం చేస్తాం.

ర్యాంపు ఉంది. ర్యాంపుకి ఒక లెక్కుంటుంది, 1 అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల పొడవు, అంతకన్నా నిటారుగా ఉంటే చేత్తో చక్రం తిప్పుకునేవాడు ఎక్కలేడు, దిగేటప్పుడు ముందుకి పడతాడు. ఇది అడుగున్నర ఎత్తుకి నాలుగడుగుల పొడవుంది, పిల్లలు దాని మీద జారుతున్నారు, జారుడుబల్ల అనుకుంటే 5 స్టార్లు. లోపల గది మాత్రం కొలతగా ఉంది, వీల్‌చెయిర్ గుండ్రంగా తిరగడానికి 1500 మిల్లీమీటర్లు చోటు కావాలంటారు, టేప్ పెట్టి చూశా, సరిపోయింది. కష్టపడి కొలిచి కట్టిన మనిషెవరో ఉన్నారు, ఆ మనిషి దాన్ని స్టోర్‌రూమ్‌గా చూస్తే ఏమనుకునేవాడో. 2 స్టార్లు, ఆ కొలిచినాయనకి.

మధ్యలో టాయిలెట్లు కానివి కూడా చెప్పేస్తా, ఇవీ అదే కథ.

ఫుట్‌పాత్ మీద పసుపు టైల్స్ వేశారు, చూపు లేనివాళ్ళు కర్రతో, కాలితో తడుముకుంటూ నడవడానికి. పొడుగు గీతలుంటే నేరుగా వెళ్ళమని, చుక్కలుంటే ఆగమని, ముందేదో ఉందని. జపాన్‌లో సెయిచీ మియాకే అనే ఆయన 1965లో కనిపెట్టాడు, 1967లో ఒకయామాలో మొదటిసారి రోడ్డు మీద వేశారు, ఇప్పుడు ప్రపంచమంతా అదే భాష. మన దగ్గర ఆ గీతలు పట్టుకుని కళ్ళు మూసుకుని నడుద్దామని మా పెద్దాడు ట్రై చేశాడు, నేను చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నా, ముప్పై అడుగులకి గీత సరాసరి కరెంటు స్తంభంలోకి వెళ్ళింది. స్తంభం దగ్గర ఆగమని చుక్కలు కూడా వెయ్యలేదు. స్తంభం అవతల గీత మళ్ళీ మొదలవుతుంది, స్తంభంలోంచి దూరి వెళ్ళాలన్నమాట.

ఆ స్తంభాల సంగతి కూడా, పైన పెయింట్ బాగానే ఉంది, వంగి అడుగున చూడండి, బేస్ ప్లేటు దగ్గర, బోల్టులు పొరలు పొరలుగా లేచిపోయాయి. ఉప్పు నీళ్ళు నిలబడేది అక్కడే. వైర్లుండే చిన్న తలుపు మోకాలి ఎత్తులో ఉంటుంది, వరసగా లెక్కపెడితే 11 స్తంభాల్లో ఏడింటికి తలుపు లేదు, టేపు చుట్టారు, పిల్లలు తిరిగే చోటు అది. లైట్లు వెలగని స్తంభాలు కరెక్టుగా టాయిలెట్ల దగ్గరే ఎందుకున్నాయో నాకర్థం కాలేదు. బెంచీల గురించి వద్దులెండి. చెత్తడబ్బాలకి అడుగు ఊడిపోయింది, పైనుంచి వేస్తే కిందనుంచి వస్తుంది, మేజిక్ లాగా. బస్ షెల్టర్ కప్పు పెచ్చులూడి చువ్వలు కనపడుతున్నాయి, లోపల చువ్వ తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుముకన్నా రెండింతల పైనే చోటు తీసుకుంటుంది, ఆ ఉబ్బుకి కాంక్రీటు పగిలి రాలుతుంది, దాని కిందే జనం బస్సు కోసం నిలబడుతున్నారు. పెచ్చు ఊడినచోట సిమెంటు మెత్తి పెయింటేస్తారు, లోపల తుప్పు అలాగే ఉంటుంది, ఇంకో రెండు వానలకి మళ్ళీ ఊడుతుంది.

ఐదోది ఆటోమేటిక్ స్టీల్ క్యాబిన్. నాణెం వేస్తే తలుపు తీసుకుంటుందని రాసుంది, తీసుకోలేదు, నాణెం మాత్రం తీసుకుంది. అయినా మా అత్తయ్యలాంటివాళ్ళు అందులోకి చచ్చినా వెళ్ళరు, కరెంటు పోతే లోపల ఇరుక్కుంటామని భయం, ఆ భయం తీరే ఒక్క మాట గానీ బొమ్మ గానీ తలుపు మీద లేదు. అమెరికాలో పోర్ట్‌లాండ్ ఊరివాళ్ళు 2008లో ఇలాంటి స్టీల్ గదే పెట్టారు గానీ పైనా కిందా సందులు వదిలారు, గాలి ఆడుతుంది, లోపల ఎన్ని కాళ్ళున్నాయో బయటికి తెలుస్తుంది, చేతులు కడుక్కునే ట్యాపు బయట పెట్టారు, లోపల తిష్ట వేసేవాళ్ళుండరు. కంప్యూటర్ అక్కర్లేని తెలివి అది. మన క్యాబిన్‌కి స్టార్లు ఇవ్వను, నా నాణెం తిరిగిస్తే ఆలోచిస్తా.

ఇక ఆరోది. చేపల పడవలు లాగే వైపు, చివర్న, మేం దాన్ని లెక్కలో కూడా వేసుకోలేదు. పాత బిల్డింగు, టైల్స్ లేవు, సున్నం గోడలు, ఆస్‌బెస్టాస్ రేకు. గుమ్మం ముందు స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది, యాభై దాటుంటాయి, నన్ను చూసి "కాళ్ళకి ఇసక దులుపుకుని రా బాబూ" అంది. గుమ్మంలో గోనెసంచి, పక్కన నీళ్ళ బకెట్టు, మగ్గు. దులుపుకుని, కడుక్కుని, గోనె మీద తుడుచుకుని వెళ్ళా, స్కూల్లో లాగా.

లోపల పొడిగా ఉంది. నేల పొడిగా ఉండడం అంటే ఏంటో ఐదు టాయిలెట్లు తిరిగాక తెలుస్తుంది. ట్యాపులు ప్లాస్టిక్‌వి, చూడ్డానికి బాలేవు, తుప్పు పట్టవు. తలుపుకి గొళ్ళెం లేదు నిజానికి, మేకుకి మెలితిప్పిన రాగి తీగ కొక్కెం, గట్టిగా పడుతోంది. బ్యాగు తగిలించుకోడానికి ఇంకో మేకు. ఆడవాళ్ళ వైపు మూతున్న పెయింటు డబ్బా, లోపల కాగితం పరిచి ఉందట. కంపు లేదు. ఎలాగమ్మా అని అడిగితే పెద్ద రహస్యం చెప్పినట్టేం చెప్పలేదు, "రాత్రి పోయేముందు ఆ కంతలో రెండు మగ్గుల నీళ్ళు పోసి పోతా, పొద్దున వచ్చేసరికి కంపు రాదు" అంది. నేను పైన రాసిన నహానీ ట్రాపు పేరాగ్రాఫు మొత్తం ఆవిడకి రెండు మగ్గులు.

యాసిడ్ వాడరా అంటే ఇచ్చారుగానీ వాడను, చేతులు మండుతాయంది. మేకులూ తీగా పెయింటు డబ్బా ఆవిడే తెచ్చుకుంది. గొళ్ళెం పోయిందని ఎవరికైనా చెప్పారా అంటే చెప్పానంది, రాసుకున్నారంది, ఎప్పుడంటే "మా మనవడు పుట్టకముందు" అంది, మనవడు అక్కడే గవ్వలేరుకుంటున్నాడు, నాలుగేళ్ళుంటాయి. సెలవు పెడితే ఎవరొస్తారంటే నవ్వింది. "ఎవరూ రారు. నాకు జ్వరమొస్తే దీనికీ జ్వరమే."

1851లో లండన్‌లో గ్రేట్ ఎగ్జిబిషన్ అని పెద్ద తిరునాళ్ళలాంటిది జరిగితే జార్జ్ జెన్నింగ్స్ అనే ప్లంబర్ అక్కడ టాయిలెట్లు పెట్టి మనిషికి ఒక పెన్నీ తీసుకున్నాడు, 8,27,280 మంది వాడారని లెక్క రాసుకున్నారు. రోజుకి ఎంతమంది వస్తారని మిగతా ఐదు చోట్లా అడిగా, ఎవరికీ తెలీదు. ఈవిడ మాత్రం ఆదివారం ఎన్ని బకెట్లు తోడిందో చెప్పి, దాన్ని బట్టి నువ్వే లెక్కేసుకోమంది. ఆవిడ నీళ్ళు తోడేది రోడ్డవతల ట్యాపునుంచి, ఈ బిల్డింగు పైన ట్యాంకు ఉంది, ట్యాంకుకి పైపు లేదు. ఇంకో సంగతి, ఆవిడ స్టూలు కూడా ఆవిడదే, ఎండకి నెత్తిన కొంగు తప్ప నీడ లేదు.

4.5 స్టార్లు. అర ఎందుకు తగ్గించానంటే లోపల బల్బు లేదు, అది ఆవిడ తప్పు కాదు, నీళ్ళ పైపు లేకపోవడమూ ఆవిడ తప్పు కాదు, కానీ 5 ఇచ్చేస్తే అన్నీ బాగున్నాయనుకుని ఆ పైపు ఎప్పటికీ వెయ్యరేమోనని నా భయం.

తర్వాతి ఆదివారం అత్తయ్యని మళ్ళీ తీసుకెళ్ళాం. ఈసారి పార్కింగ్ దగ్గర ఆగకుండా పడవల వైపు చివరి దాకా పోనిచ్చా. దిగగానే మా ఆవిడ వాళ్ళమ్మని ముందు అక్కడికి తీసుకెళ్ళి చూపించింది, తలుపూ తీగా మేకూ అన్నీ. తిరిగొచ్చి కూర్చున్నాక అత్తయ్య ఏమీ అనలేదు, కాసేపయ్యాక "ఆ సీసా ఇలా ఇవ్వమ్మా" అంది. సగం సీసా తాగింది. ఎనిమిదిన్నర దాకా కూర్చున్నాం, మధ్యలో రెండుసార్లు వెళ్ళొచ్చింది, రెండోసారి స్టూలావిడతో కబుర్లలో పడి ఇరవై నిమిషాలు రాలేదు, మనవడి గురించట.

అప్‌డేట్: మూడో టాయిలెట్లో తలుపుకి కొత్త గొళ్ళెం పెట్టారని ఫ్రెండ్ ఫోన్ చేసి చెప్తే నిన్న వెళ్ళి చూశా. నిజమే, మంచి 316 స్టీలు, నాలుగు స్క్రూలూ ఉన్నాయి. బయటి వైపు పెట్టారు.